గాలి చూసి బయలుదేరండి: అనంతపురం నుంచి కోస్తా సైకిల్ సఫర్‌కి ప్లాన్ వేసుకోవడం ఎలా?

"కోస్తాలో రోడ్డు చాప పరిచినట్టు ఉంటుంది భాయ్, తొక్కుకుంటూ పోవడమే." రెండేళ్ల క్రితం జనవరిలో నేనూ నా దోస్తూ ఈ ఒక్క మాట నమ్ముకుని బయలుదేరాం. సైకిళ్లను బస్సు మీద వేసుకుని నెల్లూరు చేరాం. అక్కడి నుంచి ఉత్తరంగా కాకినాడ దాకా తొక్కాలని ప్లాన్. రోజుకు 100 కిలోమీటర్లు చొప్పున ఐదారు రోజుల్లో అయిపోతుందని కాగితం మీద లెక్క రాసుకున్నాం. బీకాం చదివినోడిని కదా, లెక్క తప్పదని ధీమా.

మొదటి రోజు సాయంత్రానికి కావలి దాటలేకపోయాం. రోడ్డు నిజంగానే చదునే, ఒక్క గుట్ట కూడా తగల్లేదు. కానీ ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తున్నట్టు ఉంది. రెండో రోజు ఒంగోలు చేరేసరికి చీకటి పడింది. మూడో రోజు చీరాల దాటాక దోస్తుకు మోకాలు పట్టేసింది. పోగొట్టుకున్న గంటలు రాబట్టుకోవాలని మసక చీకట్లో కూడా తొక్కాం. వెనక నుంచి వచ్చిన లారీ మా వాడి హ్యాండిల్‌కి జానెడు దూరంలో పోయింది. ఆ ఊపుకు వాడు రోడ్డు దిగి పంట కాలవలో పడ్డాడు. దేవుడి దయ వల్ల చెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. బాపట్లలో రైలెక్కి వెనక్కి వచ్చేశాం.

వాడు ఆర్నెల్లు సైకిల్ ముట్టలేదు. వాళ్ల అమ్మ, అంటే మా పక్కింటి ఖాలా, చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా అబ్బా మాత్రం ఒకే ప్రశ్న అడిగారు: "గాలి ఎటు ఉందో చూసుకున్నారా బేటా?"

చూసుకోలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నా. మన అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు, హిందూపురం వైపు చాలామంది కుర్రాళ్లు ఇప్పుడు ఉదయం పూట సైకిళ్లు తొక్కుతున్నారు. కోస్తా సఫర్ గురించి అడుగుతున్నారు. మేము చేసిన తప్పు వాళ్లు చేయకూడదు.

చదును రోడ్డుకీ ఎత్తు ఉంటుంది, దాని పేరు గాలి

అబ్బా పదిహేనేళ్లు సైకిల్ మీద దుప్పట్లు, లుంగీలు కట్టుకుని కళ్యాణదుర్గం రోడ్డులోని పల్లెల్లో అమ్మారు. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మన జిల్లాలో చెప్పనక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆ రోజుల్లో గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. అందుకని అబ్బా తెల్లారకముందే, గాలి ఇంకా లేవకముందే పడమరకు పోయేవారు. మధ్యాహ్నం గాలి జోరందుకున్నాక దాన్నే వెన్నుకు పెట్టుకుని ఇంటికి వచ్చేవారు. బరువు ఎక్కువున్నప్పుడు గాలి తక్కువుండాలి, ఒళ్లు అలిసినప్పుడు గాలి సాయం రావాలి. ఆయన చదివింది ఐదో తరగతి. మా ప్లాన్‌లో లేనిది ఆయన రోజువారీ బేరంలో ఉంది.

దీన్ని లెక్కలో చెప్తాను. సైకిల్‌ని ఆపే గాలి బలం వేగంతో పాటు కాదు, వేగం స్క్వేర్‌తో పాటు పెరుగుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారనుకోండి. గాలి లేని రోజున ఒంటికి తగిలేది 15 కిలోమీటర్ల గాలి. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వస్తే ఒంటికి తగిలేది 25. 15ను 15తో హెచ్చిస్తే 225, 25ను 25తో హెచ్చిస్తే 625. అంటే గాలి తోపు దాదాపు రెండు ముప్పావు రెట్లు పెరిగింది. అదే గాలి వెనక నుంచి వస్తే మీకు తగిలేది 5 మాత్రమే. తోపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. టైరు రాపిడి ఎలాగూ ఉంటుంది గానీ, అలుపు తేడా ఇక్కడే వస్తుంది.

ఇప్పుడు ఎత్తు లెక్క చూద్దాం. అనంతపురం సముద్ర మట్టానికి 330 మీటర్లకు పైన ఉంది. నెల్లూరు 20 మీటర్లు కూడా లేదు. నెల్లూరు నుంచి మన ఊరికి తొక్కుకుంటూ వస్తే నికరంగా 300 మీటర్ల పైచిలుకు ఎక్కాలి. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుంటే ఆ నికర ఎత్తు ఎక్కడానికి ఒంట్లో ఖర్చయ్యేది సుమారు 280 కేలరీలు. రెండు మూడు జొన్నరొట్టెల బలం. రోడ్డు మధ్యలో దిగుతూ ఎక్కుతూ ఉంటుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. అయినా రోజంతా వీచే ఎదురుగాలితో పోలిస్తే ఇది చిన్న పద్దు.

నెదర్లాండ్స్ దేశంలో కొండలు లేవు, ఇంటింటికీ సైకిలే. అక్కడ 2013 నుంచి ఎదురుగాలి సైకిల్ పోటీ పెడుతున్నారు. తుఫాను గాలి వచ్చే రోజు చూసి, సముద్రపు అడ్డుకట్ట మీద గేర్లు లేని మామూలు సైకిళ్లతో 8.5 కిలోమీటర్లు తొక్కాలి. చదును నేల మీద బతికేవాళ్లకు గాలే కొండ.

చదును రోడ్డుకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన వైపు రోడ్డు ఎక్కితే తర్వాత దిగుతుంది, దిగేటప్పుడు కాళ్లు ఊరుకుంటాయి, నడుము లేస్తుంది. కోస్తాలో దిగుడు లేదు కాబట్టి పెడల్ ఆపడం లేదు. గంటల తరబడి ఒకే కూర్చోవడం, ఒకే పట్టు. మా దోస్తు మోకాలు పట్టేయడానికి సగం కారణం ఇదే. 40 నిమిషాలకు ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడవాలి. అలుపు వచ్చాక కాదు, రాకముందే దిగాలి.

ఏ నెలలో పోవాలి?

మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అందుకే క్యాలెండర్ చూసేటప్పుడు మనకు వాన గుర్తుకే రాదు. నెల్లూరు వైపు దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. అందులో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే. తుఫాన్ల కాలం కూడా అదే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు. మొన్న 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. మేము రైలెక్కిన ఊరు అది. కాబట్టి అక్టోబర్, నవంబర్, డిసెంబర్ సగం వరకు కోస్తా సఫర్ మాటే వద్దు. మే నెలలో ఎండతో పాటు తుఫాను భయమూ ఉంటుంది.

మిగిలింది డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. ఈ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఫిబ్రవరి గడిచే కొద్దీ గాలి మెల్లగా దక్షిణం వైపుకు తిరుగుతుంది, ఎండ ముదురుతుంది.

ఈ కిటికీలో కూడా రెండు తేదీలు చూసుకోవాలి. ఒకటి సంక్రాంతి. జనవరి 12 నుంచి 16 వరకు కోనసీమ, భీమవరం వైపు లాడ్జీలు దొరకవు, దొరికినా రేటు మూడింతలు. రోడ్లన్నీ కార్లే. రెండోది మనకు రంజాన్. చంద్రుడిని బట్టి ఒక రోజు అటూ ఇటూ అయినా, 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర్లో రంజాన్ మొదలవుతుంది. 2027లో అయితే సంక్రాంతి అయ్యాక జనవరి 17న మొదలుపెడితే రంజాన్ లోపు ఇల్లు చేరొచ్చు. 2028లో అయితే డిసెంబర్ 25 దగ్గర మొదలుపెట్టి, సంక్రాంతి రద్దీ వచ్చేలోపు డెల్టా దాటేయాలి.

ఎటు నుంచి ఎటు?

మేము చేసిన పెద్ద తప్పు ఇదే. జనవరిలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంటే మేము ఈశాన్యానికి తొక్కాం. కాకినాడ నుంచి ఒంగోలు దాకా తీరం నైరుతి వైపుకు వంగి ఉంటుంది. అక్కడి నుంచి నెల్లూరు దాకా దాదాపు నేరుగా దక్షిణం. నెల్లూరు నుంచి అనంతపురం పడమర. అంటే జనవరిలో కాకినాడ వైపు నుంచి ఇంటికి వచ్చే దారి మొత్తం గాలి వెనక నుంచో, వెనక పక్క నుంచో ఉంటుంది. మధ్యాహ్నం పూట సముద్రపు గాలి ఎడమ పక్క నుంచి తగులుతుంది. అది రాకముందే రోజు దారి ముగించేలా చూసుకోవాలి.

కాబట్టి దూరానికి రైలు, ఇంటికి సైకిల్. అబ్బా పద్ధతే, కాస్త పెద్ద ఎత్తున. అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాజమండ్రిలో దిగొచ్చు. సైకిల్‌ని పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి. లగేజీగా వేస్తే మీరు ఎక్కే బండి బ్రేక్ వ్యాన్‌లోనే వస్తుంది. ఉత్త పార్సిల్‌గా వేస్తే వేరే బండిలో రెండు రోజులు ఆలస్యంగా కూడా రావొచ్చు. టికెట్ కాపీ, ఆధార్ కాపీ పట్టుకెళ్లండి. గొట్టాలకు, హ్యాండిల్‌కి గోనెసంచి చుట్టండి. మీ పేరు, ఫోన్ నంబర్, దిగే స్టేషన్ పేరు పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క రెండు చోట్ల కట్టండి. బండి టైముకి కనీసం రెండు మూడు గంటల ముందు స్టేషన్‌లో ఉండాలి.

రోజు రోజుకీ దారి

కింద ఇచ్చిన దూరాలన్నీ సుమారువి. ఊర్లోకి పోయి లాడ్జి వెతుక్కోవడానికి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు కలుపుకోండి.

మొదటి రోజు రాజమండ్రి నుంచి కాకినాడ, 65 కిలోమీటర్లు. ధవళేశ్వరం మీదుగా పోతే గోదావరి మీద బ్యారేజీ చూడొచ్చు. ఇక్కడ మొదటి ఆనకట్టను 1847 నుంచి 1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించాడు. ట్యాంకర్ నీళ్ల కోసం బిందెలు వరసపెట్టిన ఊరి నుంచి వచ్చినోళ్లం మనం. ఆ కాలవలు చూస్తే కాసేపు సైకిల్ దిగాలనిపిస్తుంది.

రెండో రోజు కాకినాడ నుంచి యానాం మీదుగా అమలాపురం, 65. ఇక్కడి నుంచి ఒంగోలు దాకా మనకు దారి 216 నంబర్ జాతీయ రహదారి. కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు దాదాపు 390 కిలోమీటర్ల పొడవున తీరం వెంబడే పోతుంది. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ల ఊరు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీద గౌతమి గోదావరి దాటుతాం. ఈ వంతెనల మీద గాలి పక్క నుంచి ఒక్కసారిగా కొడుతుంది. హ్యాండిల్ రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. ఫోటో కావాలంటే వంతెన దాటాకే ఆగండి.

మూడో రోజు అమలాపురం నుంచి రాజోలు, చించినాడ వంతెన మీదుగా నరసాపురం, 45. కావాలనే తక్కువ పెట్టాం. మూడో రోజే ఒళ్లు మొరాయిస్తుంది.

నాలుగో రోజు నరసాపురం నుంచి మచిలీపట్నం, 70. రెండు పక్కలా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. బందరుకు ముందు పెడన వస్తుంది, కలంకారీ అద్దకానికి పేరు. బందరు గోల్కొండ సుల్తానుల కాలంలో పెద్ద రేవు, ఇంగ్లీషు కంపెనీ 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టింది. ఐదో రోజు బందరులో విశ్రాంతి. బట్టలు ఉతుక్కోండి, చైన్ కడగండి, లడ్డూ తినండి.

ఆరో రోజు పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి రేపల్లె, 50. ఏడో రోజు బాపట్ల మీదుగా చీరాల, 60. ఎనిమిదో రోజు చీరాల నుంచి ఒంగోలు, 50. దారిలో వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. చదువు మీద ఇష్టం ఉన్నవాళ్లు ఒక గంట కేటాయించండి.

తొమ్మిదో రోజు ఒంగోలు నుంచి కావలి, 65. పదో రోజు కావలి నుంచి నెల్లూరు, 55. ఇదంతా 16 నంబర్ జాతీయ రహదారి, చెన్నై నుంచి కోల్‌కతా పోయే ట్రాఫిక్. సర్వీస్ రోడ్డు ఉన్న చోటల్లా సర్వీస్ రోడ్డే పట్టుకోండి. నెల్లూరులో పదకొండో రోజు విశ్రాంతి. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది, మొహర్రంలో రొట్టెల పండుగ జరిగేది అక్కడే.

నెల్లూరు నుంచి తాడిపత్రి దాకా 67 నంబర్ జాతీయ రహదారి. ఇక్కడి నుంచి సఫర్‌లో నాకు చాలా ఇష్టమైన ముక్క మొదలవుతుంది, ఎందుకంటే ఈ దారి మోటుగా మన పెన్నా దారే. నంది కొండల్లో పుట్టి, మన జిల్లాలో పామిడి, తాడిపత్రి పక్కనుంచి ఇసుక మేటలతో పోయే ఏరు గండికోట లోయ, సోమశిల దాటి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మన దగ్గర ఎండి కనిపించే ఏరు అక్కడ నదిలా కనబడుతుంది.

పన్నెండో రోజు నెల్లూరు నుంచి ఆత్మకూరు, 55 నుంచి 60. దగ్గర్లోనే ఏఎస్ పేట దర్గా ఉంది. పదమూడో రోజు వెలికొండల వరుస దాటి బద్వేలు. ఇది ఒక్కటే నిజంగా ఎక్కుడు ఉన్న రోజు, నీళ్లు ఎక్కువ పెట్టుకోండి. పద్నాలుగో రోజు మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు, 65. పదిహేనో రోజు తాడిపత్రి, 85, అన్నిటికన్నా పొడుగు రోజు. పదహారో రోజు తాడిపత్రి నుంచి అనంతపురం, 55. మొత్తం 850 కిలోమీటర్ల దగ్గర. తొక్కే రోజులు 14, సగటున రోజుకు 60. వినడానికి తక్కువ. కానీ మేము 100 అనుకుని ఇంటికి రైల్లో వచ్చాం, అది గుర్తుపెట్టుకోండి.

మధ్యలో మానేయడం కూడా ప్లాన్‌లో భాగమే

కాకినాడ, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల, ఒంగోలు, కావలి, నెల్లూరు, అన్ని చోట్లా రైల్వే స్టేషన్ ఉంది. అమలాపురానికి మాత్రం రైలు లేదు. కాబట్టి ఒంట్లో తేడా ఉంటే కాకినాడలోనే తేల్చుకోండి. ఎక్కడ ఆపేస్తే ఏ బండి ఎక్కాలో ముందే ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒక కాపీ ఇచ్చి పోండి. ఆపేయడం ఓటమి కాదు. చీకట్లో లారీల మధ్య తొక్కడమే ఓటమి.

సైకిల్, సామాను

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. సన్న టైరు రేసు సైకిల్ కన్నా కాస్త వెడల్పు టైరు ఉన్న హైబ్రిడ్ మేలు. గేర్లు లేని మామూలు సైకిల్‌తో కూడా నెల్లూరు దాకా రావొచ్చు, వెలికొండల దగ్గర మాత్రం కొంత దూరం నెట్టుకోవాల్సి వస్తుంది.

చూసుకోవాల్సింది ట్యూబు సైజు. చిన్న ఊళ్ల పంచర్ షాపుల్లో కొత్త మోడల్ సైకిళ్ల ట్యూబులు దొరకవు, అందుకే మీ సైజువి రెండు తీసుకెళ్లండి. మోటార్‌ సైకిల్‌కి ఉన్నలాంటి లావు వాల్వ్ ఉంటే ఏ బైకు పంచర్ షాపులోనైనా గాలి పట్టొచ్చు. సన్న వాల్వ్ అయితే దానికి అడాప్టర్ మీ దగ్గరే ఉండాలి. పంపు, టైరు విప్పే లివర్లు, ప్యాచ్‌లు, అలెన్ కీలు, చైన్ లింకు ఒకటి, నూనె చిన్న సీసా. సర్కారు తుమ్మ ముళ్లు మన దగ్గర ఉన్నట్టే అక్కడా ఉన్నాయి. సముద్రపు ఉప్పు గాలికి చైన్ రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. రోజూ సాయంత్రం గుడ్డతో తుడిచి నాలుగు చుక్కల నూనె వేయండి.

సామాను వీపున మోయొద్దు. వీపు చెమటతో పాచిపోతుంది, నడుము పోతుంది. క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు వేసి బరువు సమానంగా, కిందికి ఉండేలా సర్దండి. అబ్బా సూత్రం: ఒక పక్క తూగితే రోజంతా తూగుతుంది. పది కిలోలు దాటకుండా చూసుకోండి. సీటు ఎత్తు ముఖ్యం. పెడల్ కిందికి పోయినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. మా వాడిది అదే.

ఎండ మనదే, ఉక్క మాత్రం కొత్త

అనంతపురం ఎండకు తట్టుకున్నోళ్లం, కోస్తా ఎండ ఒక లెక్కా అనుకుంటాం. మన దగ్గర గాలి పొడి, చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలిలోనే తేమ ఉంటుంది, చెమట ఆరదు, కారిపోతుంది. ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోతాయి గానీ చల్లదనం రాదు. కాబట్టి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగుతూ ఉండాలి. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి బొండాం మంచివి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలోనే కలపాలి, సగం నీళ్లలో కలిపి తాగొద్దు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. మినరల్ వాటర్ ప్లాంట్ దగ్గర సీసాలు నింపుకోండి.

తిండికి మన చెనిక్కాయల పప్పుండలు కిలో తీసుకెళ్లండి, దారిలో వాటిని మించినది లేదు. హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో అని బెంగ అక్కర్లేదు. కోస్తాలో చేపలు ఉన్నాయి, చేపకు జబహ్ ప్రశ్నే లేదు. గుడ్లు, పప్పు, పెరుగన్నం ఎక్కడైనా దొరుకుతాయి. పెద్ద ఊళ్లన్నిటిలో మసీదులు ఉన్నాయి. జుమా రోజు మధ్యాహ్నానికి పెద్ద ఊళ్లో ఉండేలా దారి సర్దుకోండి.

రోడ్డు మీద ప్రాణం

జనవరిలో డెల్టాలో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. ముందు వెళ్లే ట్రాక్టరే కనబడదు. ఫజ్ర్ అయ్యాక టీ తాగి, మంచు తగ్గాకే సైకిల్ ఎక్కండి. ధాన్యం ట్రాక్టర్లు, చేపల లారీలు రోడ్ల మీద ఎక్కువగా ఉండే కాలం అది. చేపల లారీ నుంచి కారిన నీళ్ల మీద సన్న టైరు జారుతుంది, వంపుల దగ్గర జాగ్రత్త.

హెల్మెట్, మెరిసే జాకెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. లైటు పగలు కూడా వెలగనివ్వండి. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకోవద్దు, ఒకరి వెనక ఒకరు పోవాలి. రాంగ్ రూట్‌లో పోతే దగ్గర కదా అని పోవద్దు. అంబులెన్స్‌కి 108, పోలీసుకి 112, జాతీయ రహదారి మీద ఏ ఇబ్బందికైనా 1033. మూడూ కాగితం మీద కూడా రాసుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోతే పనికొస్తుంది.

గంటకు 15 కిలోమీటర్ల లెక్కన 60 కిలోమీటర్లకు నాలుగు గంటలు. ఆగడాలు, టీలు కలిపితే ఆరు. ఏడింటికి ఎక్కితే ఒంటి గంటకు చేరతారు. సముద్రపు గాలి జోరందుకునే లోపు, లారీ డ్రైవర్ల కళ్లు మూతలు పడే లోపు మీరు లాడ్జిలో ఉంటారు.

ఖర్చు పద్దు

ఇద్దరు కలిసి పోతే ఒక్కొక్కరికి మేము వేసుకున్న లెక్క ఇది. లాడ్జి గదిలో సగం వాటా రోజుకు 400 చొప్పున 15 రాత్రులకు 6,000. తిండి రోజుకు 350 చొప్పున 16 రోజులకు 5,600. నీళ్లు, బొండాలు, టీ రోజుకు 100 చొప్పున 1,600. రైలు టికెట్, సైకిల్ లగేజీ కలిపి 1,000. ట్యూబులు, విడి సామాన్లు 1,500. అత్యవసరానికి 3,000. మొత్తం 18,700 రూపాయలు. ఆ మూడు వేలు ముట్టుకోకుండా వెనక్కి తేవడమే పందెం. కొత్త సైకిల్ కొనడానికి ఈఎంఐ తీసుకుని, ఆపై సఫర్ ఖర్చుకి అప్పు చేసేవాళ్లను చూశాను. ఉన్న సైకిల్‌ని సర్వీసింగ్ చేయించుకోండి, చాలు.

ఆరు వారాల తయారీ

మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు 20 కిలోమీటర్లు. తర్వాతి రెండు వారాలు ఆదివారం 40. ఆఖరి రెండు వారాలు సామాను కట్టుకుని శనివారం అనంతపురం నుంచి తాడిపత్రి, ఆదివారం వెనక్కి. వరసగా రెండు రోజులు తొక్కగలరా లేదా అన్నదే అసలు పరీక్ష. ఒక్క రోజు 100 తొక్కడం ఎవరైనా చేస్తారు, మర్నాడు మళ్లీ సీటు మీద కూర్చోవడమే కష్టం. బీపీ, షుగర్, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు, 40 దాటినవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

నేనూ నా దోస్తూ ఇప్పుడు నాలుగో వారంలో ఉన్నాం. వాడి సీటు రెండు అంగుళాలు పైకి లేపాం, మోకాలు నొప్పి లేదు. పోయిన వారం ఈ కాగితాలన్నీ పట్టుకుని ఇద్దరం ఖాలా దగ్గరికి పోయాం. ఊర్ల పేర్లు, స్టేషన్లు, ఫోన్ నంబర్లు అన్నీ చదివి వినిపించాను. అంతా విని ఆమె ఒక్క షరతు పెట్టింది.

"అస్ర్ నమాజ్ తర్వాత సైకిల్ ఎక్కొద్దు. ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి."

ప్లాన్‌లో ఆ ముక్క మేము రాయలేదు. ఇప్పుడు అందరికన్నా పైన రాసుకున్నాం. మీరూ రాసుకోండి.